మిగులు ఎక్కడ?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పొదుపు గూర్చి మాట్లాడమన్నారు. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను కనుక, రిటైరయినా లెక్కలు నన్ను వదలవని వారి అభిప్రాయం కాబోలు. సరే. అయితే పొదుపు చెయ్యాలంటే ముందు ఏదో ఒకటి మిగలాలి గదా. కాబట్టి ఆ మిగులు గూర్చే నాలుగు మాటలు చెబుతాను.

మీలో ఎవరినైనా లేపి "నెలకు ఎంత మిగులుతుందయ్యా?" అని అడిగితే వచ్చే జవాబు నాకు తెలుసు. "ఏం మిగులుతుంది మాస్టారూ, వచ్చింది వచ్చినట్టే పోతున్నది." నెలకు పదివేలు వచ్చేవాడూ యిదే చెబుతాడు, యాభైవేలు వచ్చేవాడూ యిదే చెబుతాడు. పదివేలవాడు నిజమే చెబుతున్నాడు. యాభైవేలవాడు అబద్ధం చెబుతున్నాడని నేను అనను. తెలియక చెబుతున్నాడు. చాలా ఏళ్ళు నేనూ అలాగే చెప్పాను. ఆ సంగతి తరవాత మనవి చేస్తాను.

ప్రభుత్వంవారు కుటుంబాల ఖర్చుమీద సర్వే చేస్తూ వుంటారు. 2022 ఆగస్టునుంచి 2023 జూలైవరకు చేసిన సర్వేలో దేశం మొత్తంమీద పల్లెల్లో తలసరి నెల ఖర్చు సగటున 3,773 రూపాయలు, పట్నాల్లో 6,459 రూపాయలు అని తేలింది. పల్లెల్లో నూరు రూపాయల ఖర్చులో తిండికి అయ్యేది 46 రూపాయలు. 1999-2000 లో యిదే లెక్క 59 రూపాయలు వుండేది. సంసారం ఎంత యిరుకైతే ఖర్చులో తిండి వాటా అంత పెద్దదవుతుందని 1857 లోనే ఎంగెల్ అనే జర్మన్ పండితుడు లెక్క కట్టి చూపించాడు. అంటే మనవాళ్ళకు తిండిపోగా చేతిలో ఆడే డబ్బు మునుపటికంటె కొంత పెరిగిందన్నమాట. పెరిగింది సరే, ఎటు పోయింది?

మన ప్రాంతంలో కొంత ఎటు పోయిందో అందరికీ తెలుసు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి పలాస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్నీ కొబ్బరిచెట్లనీ పడగొట్టింది. కొబ్బరిచెట్టు ఒక ఏడాది పంట కాదు, అది ఒక తరం మిగులు. చిట్టివలస జూట్ మిల్లు 2009 లో మూతపడితే దాన్ని నమ్ముకున్న యిళ్ళలో దాచుకున్నదంతా కూర్చుని తినడానికే సరిపోయింది. 2020 లో లాక్‌డౌన్. అలాంటి యిళ్ళకు వెళ్ళి పొదుపు పాఠం చెప్పడం మర్యాద కాదు. వారికి మనం చెప్పవలసిందేమీ లేదు, యివ్వవలసిందే వుంది.

నేను మాట్లాడేది రెండో రకం యిళ్ళ గూర్చి. నావంటివాళ్ళ గూర్చి.

మనం మిగులును నెలాఖరున వెతుకుతాము. అన్నీ అయ్యాక జేబులో చెయ్యి పెట్టి చూస్తే ఏముంటుంది? మన దీన్ చెప్పిన లెక్క అలా లేదు. దివ్య ఖుర్‌ఆన్ రెండవ సూరా 219వ ఆయత్‌లో, దైవమార్గంలో దేన్ని ఖర్చుపెట్టాలి అన్న ప్రశ్నకు జవాబుగా "అఫ్వ్" అనే మాట వచ్చింది. అవసరాలు పోగా వుండేది అని దానికి పెద్దలు అర్థం చెప్పారు. ఆ అవసరాలు ఏమిటో ఫిఖ్ పండితులు ముందుగానే గీత గీశారు. "హాజతె అస్లియా" అంటారు. కాపురం వుండే యిల్లు, కట్టుకునే బట్టలు, వంట సామాను, తిండి, వెళ్ళిరావడానికి బండి, చదువుకునేవాడికి పుస్తకాలు, పనివాడికి పనిముట్లు. దర్జీకి కుట్టుమిషను, మెకానిక్‌కి పానాలపెట్టె. వీటిమీద జకాత్ లేదు. తీర్చవలసిన అప్పు కూడా తీసెయ్యాలి. అప్పుడు మిగిలినది నిసాబ్‌కు వచ్చి, చాంద్రమానం లెక్కన ఏడాది తిరిగితే అందులో నలభయ్యో వంతు, అంటే నూటికి రెండున్నర, బీదలది. చూశారా, ముందు అవసరం ఏదో తేల్చారు. ఆ తరవాత మిగులు దానంతట అదే కనబడుతుంది. మనమేమో గీత గీయకుండా లెక్క మొదలుపెడతాము.

సెల్ ఫోను అవసరమా కాదా అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. పనికి పిలుపు దానిలోనే వస్తుంది కనుక అవసరమే అన్నాను. "మరి లక్ష రూపాయల ఫోనో?" అన్నాడు. దానికి జవాబు వాడికే తెలుసు, నన్ను ఆడించడానికి అడిగాడు. ఇమాం గజాలీ (మరణం 1111), ఆయన తరవాత ఇమాం షాతిబీ (మరణం 1388) మనిషి అవసరాలను మూడు మెట్లుగా చెప్పారు. అది లేకపోతే బ్రతుకే నిలవనిది మొదటి మెట్టు. లేకపోతే కష్టపడేది రెండోది. వుంటే అందంగా వుండేది మూడోది. మూడోది హరామ్ అని వారు అనలేదు. మూడోదాన్ని మొదటిదని పేరుపెట్టి పిలవడమే మనం చేస్తున్న పని.

యిక్కడ ఒక చిన్న చిక్కు వున్నది. మన జిల్లాల్లో చాలామంది యీ చిక్కులో పడుతున్నారు గనుక కాస్త నిదానంగా చెబుతాను. బంగారానికి నిసాబ్ ఏడున్నర తులాలు, వెండికి యాభైరెండున్నర తులాలు అని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాము. ఆ తులం పాత తులం. 11.664 గ్రాములు. యివాళ మన బజారులో కంసాలి తులం అంటే పది గ్రాములే. కాబట్టి నిసాబ్ 87.48 గ్రాములు అంటే, దుకాణం లెక్కన ఎనిమిదిముప్పావు తులాలు. వెండి 612.36 గ్రాములు. "మా యింట్లో ఎనిమిది తులాలుంది, ఏడున్నర దాటింది" అని ఒకరు భయపడతారు. వేరొకరు వుత్త బంగారం లెక్కే చూసుకొని ఎనిమిది తులాలే గదా అని నిశ్చింతగా వుంటారు. కాని దానితోబాటు బీరువాలో కొంత నగదు వుంటే, హనఫీ పండితులు రెండూ కలిపి వెండి నిసాబ్ వెలతో పోల్చి చూడమంటారు. అప్పుడు ఎనిమిది తులాలేమిటి, అంతకు చాలా తక్కువ వున్నా జకాత్ పడుతుంది. పెట్టుకునే నగలమీద జకాత్ లేదని షాఫయీ మజ్‌హబ్‌లో వున్నది. మనలో అధికసంఖ్యాకులు హనఫీలు, మనకు వున్నది. లాభమున్నచోట మాత్రం షాఫయీ అయిపోవడం బాగుండదు.

జాగాల సంగతీ అంతే. యిల్లు కట్టుకుందామని కొన్న జాగా వేరు. భోగాపురం విమానాశ్రయం మాట వినబడినప్పటినుంచి ధర పెరిగాక అమ్ముదామని అటువైపు కొన్న జాగా వేరు. అమ్మే ఉద్దేశంతో కొన్నది వ్యాపారపు సరుకే, ఆనాటి ధర కట్టి జకాత్ లెక్కలో వెయ్యాలి. యీ మాట చెప్పినప్పుడు సభలో కొంచెం దగ్గులు వినబడతాయని నాకు తెలుసు.

యిప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ క్రిందట మా వీధిలో ఒక మెకానిక్ కుర్రవాడు అద్దెకుండేవాడు. నా దగ్గర చదువుకున్నవాడే. నెలకు పదహారువేలు తెచ్చుకొనేవాడు. అద్దె, బియ్యం, పాలు, పిల్లల ఫీజు, తల్లి మందులు, కరెంటు, అన్నీ కలిపి పద్నాలుగువేలు. కాగితంమీద వేస్తే రెండువేలు మిగులు కనబడాలి. ఒకరోజు సాయంత్రం మా అరుగుమీద కూర్చుంటే అడిగాను.

"ఏరా, నెలకు ఏమైనా దాస్తున్నావా?"

"ఏటి దాసేది మాస్టారూ! చెల్లి పెళ్ళికి నలభైవేలు అప్పు తెచ్చినాను. అయిదు రూపాయల వడ్డీ. నెల తిరిగీసరికి రెండువేలు ఆడికే పోతాది."

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై నెలలయిపోనాది."

"అసలెంత తీరింది?"

"అసలేటి తీరీది? అసలు అలగే ఉంది."

లెక్కల మేష్టరుని. వాడి ముందే వేళ్ళమీద వేశాను. ఇరవై నెలలు, నెలకు రెండువేలు, నలభైవేలు. తెచ్చినంతా కట్టేశాడు, తెచ్చినంతా యింకా బాకీ వున్నది. వాడి యింట్లో మిగులు లేదనడం తప్పు. ప్రతి నెలా మిగిలింది. ఆ మిగులు వాడి యింటి గుమ్మం దాటి యింకొకరి యింట్లో చేరింది. యీ అప్పు దేనికి చేశాడని అడిగితే, నికాహ్‌కి కాదు. నికాహ్‌కి ఏం ఖర్చు? ఇమాం సాబ్, యిద్దరు సాక్షులు, మహర్. అప్పు అయింది వచ్చినవాళ్ళకు పెట్టిన బిర్యానీకి, మగపెళ్ళివారు అడిగిన "జోడా"కి. మనది ఒకప్పుడు చికాకోల్ సర్కారు, ఫౌజుదార్లు పాలించిన వూరు. ఆ సర్కారు ఎప్పుడో పోయింది, దాని దర్బారు మాత్రం మన పెళ్ళి పందిళ్ళలో యింకా జరుగుతున్నది.

ఆ రాత్రి యింటికి పోయి యీ సంగతి మా ఆవిడకు చెప్పాను. పాపం కుర్రవాడు, మనదగ్గర వుంటే యిద్దుము, మన పెన్షను మనకే సరిపోతున్నది అన్నాను. ఆవిడ కాసేపు వూరుకొని, "నా నగలకు జకాత్ ఎప్పుడైనా లెక్క వేశారా?" అని అడిగింది. వాళ్ళ అమ్మ పోయాక వచ్చినవీ, పెళ్ళినాటివీ కలిపి దుకాణం లెక్కన పన్నెండు తులాలు. అవి ఆవిడ చేతికి వచ్చి అప్పటికి పదేళ్ళు. "అవి మన వాడకంలోవి గదా" అన్నాను. "మనవి కావు, నావి. లెక్క నాదే, అల్లాహ్ ముందు జవాబూ నాదే" అన్నది. నిజమే. మన షరియత్‌లో భార్య సొమ్ము భార్యదే. జకాత్ కూడా ఎవరిది వారికే. పదేళ్ళు నేను ఆవిడ తరపున "మనకేం మిగులుతుంది" అని చెబుతూ వచ్చాను, ఆవిడను అడగకుండానే.

మర్నాడు ఇమాం సాబ్‌ని కనుక్కొన్నాము. మొదటి ఏడు నూట ఇరవై గ్రాములమీద మూడు గ్రాములు. రెండో ఏడు ఆ మూడూ తీసేసి మిగతాదానిమీద. అలా పదేళ్ళకు వేస్తే దాదాపు ఇరవైఏడు గ్రాములు తేలింది. కాగితం నా చేతిలోనే వున్నది, లెక్క వేసింది నేనే. తప్పు పడాలని రెండుసార్లు వేశాను, పడలేదు. ఆవిడ రెండు గాజులు అమ్మింది. అప్పులో మునిగినవాడు జకాత్‌కు అర్హులైన ఎనిమిది రకాలవారిలో ఒకడు. అందుచేత నలభైవేలు ఆ కుర్రవాడి చేతికే యిచ్చింది. మిగతాది యిద్దరు వితంతువులకు, ఒక పిల్లవాడి పాలిటెక్నిక్ ఫీజుకు పోయింది. వాడు మాత్రం రెండు రోజులు మా వీధిలోంచి నడవలేదు, సిగ్గుపడి. మూడోరోజు వచ్చి నా స్కూటరుకి బ్రేకులు బిగించి పోయాడు.

వాడి బ్రతుకు బాగుపడిపోయిందని నేను చెప్పను. ఏడాది తిరక్కుండా వాయిదాలమీద కొత్త మోటారు సైకిలు కొన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజం. మా ఆవిడ, "మీరు పదేళ్ళు లెక్క తప్పారు, వాడు ఒక్కసారి తప్పాడు" అన్నది.

ఆవిడ మాట వచ్చింది గనుక యింకొకటి. హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి) ఖలీఫాగా వున్న రోజుల్లో ఆయన భార్య తీపి తినాలని కోరారనీ, రోజూ వచ్చే భత్యంలోంచి కొంచెం కొంచెం మిగిల్చారనీ, అది తెలిసి ఆయన "అంటే యింత తక్కువైనా మనకు గడుస్తుందన్నమాట" అని ఆ సొమ్ము బైతుల్‌మాల్‌కి తిరిగి యిచ్చి భత్యం తగ్గించుకొన్నారనీ ఒక కథ పెద్దలు చెబుతారు. నేను క్లాసులో యీ కథ ఎన్నోసార్లు చెప్పాను. మొన్న యింట్లో చెబితే మా ఆవిడ, "ఆయన గొప్పతనం సరే, ఆ తల్లి హల్వా సంగతి ఎవరూ అడగరేం?" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఖలీఫా తన భత్యం తగ్గించుకోవడం వేరు, అది ప్రజల సొమ్ము. మగవాడు తన టీకొట్టు ఖర్చు కదపకుండా వంటింట్లో పొదుపు చెయ్యమనడం వేరు.

మిగిలినదంతా యిచ్చెయ్యాలా అంటే, అలాగే అనుకొన్న సహాబీ వున్నారు. హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) అవసరానికి మించి దాచకూడదనేవారు. సిరియాలో ముఆవియాతో యీ విషయమై వాదం పడి, చివరకు రబజా అనే ఎడారి చోటులో వుండి అక్కడే పరమపదించారు. తక్కిన సహాబీలు ఆయనను గౌరవించారు గాని, జకాత్ యిచ్చాక మిగతాది దాచుకోవచ్చునన్నారు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తిలో మూడింట రెండువంతులు దానం చేస్తానంటే, ప్రవక్త (స.అ.సం) వద్దని, మూడోవంతే ఎక్కువని చెప్పారు. వారసులు చెయ్యి చాచే స్థితిలో మిగలడంకంటె కలిగి వుండడం మేలని బోధించారు. కాబట్టి పిల్లల కోసం దాచుకోవడం పాపమని ఎవరూ భయపడనక్కరలేదు. దాచుకోండి. ముందు లెక్క వెయ్యండి.

ఎవరికివ్వాలన్న ప్రశ్న కూడా వున్నది. రంజాన్ వస్తే దూరప్రాంతాల మదర్సాలనుంచి రసీదు పుస్తకాలతో సఫీర్లు వస్తారు. వారిని నేను తప్పుపట్టను, దూరాభారం రైల్లో వచ్చి ఎండలో తిరుగుతారు. కాని ఒక మాట. మన రెండు జిల్లాల్లో ముస్లిములు నూటికి ఒక్కరు కూడా లేరు. మన జకాత్ మొత్తం చాలా చిన్నది. మన బీదలను మనం చూడకపోతే బయటివాడు వచ్చి చూడడు. హజ్రత్ ముఆజ్ (రజి) ను యెమెన్‌కు పంపినప్పుడు, అక్కడి ధనవంతులనుంచి తీసుకొన్నది అక్కడి బీదలకే యివ్వాలని ప్రవక్త (స.అ.సం) చెప్పి పంపారు. ముందు మన వీధి, తరవాత మన వూరు, ఆ తరవాత ఎవరైనా.

జకాత్ పోగా మన చేతిలో వుండే డబ్బు మాటేమిటి? బ్యాంకులో పెడితే వడ్డీ అని సంకోచం. ఆ సంకోచాన్ని కనిపెట్టినవాళ్ళు వున్నారు. "వడ్డీ కాదు, హలాల్ లాభం, నెలనెలా యిస్తాము" అంటూ ప్రకటనలు చేస్తారు. బెంగళూరులో ఐ.ఎం.ఏ. అనే సంస్థ 2019 జూన్‌లో కూలిపోయినప్పుడు వేలాది ముస్లిం కుటుంబాలు రోడ్డున పడ్డాయి. ఆడపిల్ల పెళ్ళికని నగలమ్మి పెట్టినవారు, పెన్షను డబ్బు పెట్టినవారు. వ్యాపారమన్నాక ఒక నెల నష్టం రాదా? ఎప్పుడూ నష్టం రాని వ్యాపారం వ్యాపారమే కాదని లెక్కల మేష్టరు చెప్పనక్కరలేదు.

యింకో దారి మనవాళ్ళే వేసిపెట్టారు. 1961 లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్ పెట్టారు. 1966 లో మన హైదరాబాద్‌లో తూర్ బైతుల్‌మాల్ పెట్టారు. నగ తాకట్టు పెట్టుకొని వడ్డీ లేకుండా అప్పు యిచ్చే పద్ధతి. నగ తిరిగి వస్తుంది, అసలు మాత్రమే కట్టాలి. మన మెకానిక్ కుర్రవాడికి అలాంటిదొకటి అందుబాటులో వుంటే నెలకు రెండువేలచొప్పున ఇరవై నెలల్లో బాకీ తీరిపోయేది, తల్లి కమ్మలు తిరిగి యింటికి వచ్చేవి. అదే కుర్రవాడు, అదే జీతం, అదే మిగులు.

మన సంఘం కూడా అటువంటి ఖర్జె హసనా నిధి మొదలుపెట్టాలని కార్యవర్గంలో అనుకొంటున్నాము. దీనికి జకాత్ డబ్బు పనికిరాదు. జకాత్ బీదవాడి సొంతం కావాలి, అప్పుగా తిరిగేది కాకూడదు. దీనికి కావలసింది మీ మిగులు, మీరు మళ్ళీ తీసుకొనే డబ్బు. నోటిమాటమీద డిపాజిట్లు పోగుచెయ్యడం చట్టానికి ఒప్పదు, మనకూ ఒప్పదు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం క్రింద సభ్యులమే చేరి రిజిస్టరు చేయించుకోవచ్చు. ఏడాదికొకసారి ఆడిట్ జరగాలి, లెక్క మస్జిద్ గోడమీద అంటించాలి. కార్యవర్గంలోవాళ్ళు అప్పు తీసుకోకూడదని నేను పట్టుబట్టాను. ఒకరిద్దరికి నచ్చలేదు. నేను యిప్పటికీ పట్టుబడుతున్నాను. ఆడవాళ్ళు తమ పేరునే సభ్యులుగా చేరాలని కూడా అడిగాను, అది ఒప్పుకొన్నారు.

గుమ్మం దగ్గర బల్లమీద లెక్క కాగితాలు పెట్టించాము. ఒకవైపు అవసరాలు, రెండోవైపు వున్నది, అడుగున బాకీలు. పేరు రాయనక్కరలేదు. యింటికి తీసుకుపోయి, యింట్లోవాళ్ళతో కలిసి నింపండి. నగల వరస మాత్రం వాళ్ళనే నింపనివ్వండి. అసర్ నమాజ్ అయ్యాక ఇమాం సాబ్, నేనూ మస్జిద్ వరండాలో కూర్చుంటాము. గ్రాముల లెక్కలో సందేహం వుంటే నన్ను అడగండి, మసాయిల్ వారిని అడగండి. కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. సెలవు. అస్సలాము అలైకుమ్.